తలుపు కొట్టే యజమానులు

మా పేటకు ఒక వారపత్రిక ఉండేది. నాలుగే పేజీలు. మడిస్తే చొక్కా జేబులో పట్టేది. మొదటి పేజీలో నీళ్లు, కరెంటు, రోడ్లు. రెండో పేజీ నిండా ప్రకటనలు. మూడో పేజీలో 'సందు కబుర్లు'. చివరి పేజీ అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో యజమాని పేరు. ఆ వరుస ఎవరూ చదవరు. ఆ పేరు మారిపోయేదాకా నేనూ చదవలేదు.

మేం దర్జీ సందులో చివరి మేడ మీదికి అద్దెకు వచ్చేనాటికి పాపకు ఇంకా కూర్చోవడం రాదు. నా భార్య ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. పొద్దున వెళితే సాయంత్రానికి గానీ రాదు. నా పని ఇంటి నుంచే కాబట్టి పగలంతా నేనూ పాపా. పాప నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం, లేస్తే ఎందుకు లేచిందా అని కంగారు పడటం. రసాయనశాస్త్రం చదివినవాణ్ణి. ఏ ద్రవం ఎంత వేడికి మరుగుతుందో చెప్పగలను గానీ, పిల్ల ఒళ్లు వెచ్చగా తగిలితే అది జ్వరమో దుప్పటి వేడో తేల్చుకోలేను.

ఒక బుధవారం ఎవరో తలుపు కొట్టారు. బెల్లు ఉండగా తలుపెందుకు కొడుతున్నారా అనుకుంటూ తీశాను. సన్నగా, పొడుగ్గా ఒక పెద్దావిడ. భుజాన గుడ్డసంచీ, చేతిలో మడిచిన పేపరు.

"కొత్తగా వచ్చారుగా. ఇదిగో బాబూ, మన పేట పేపరు. మీ ఇంట్లో ఏమైనా విశేషమా?"

"ఏం లేదండీ," అన్నాను.

ఆవిడ కదల్లేదు. సంచీ ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. నావైపు కాకుండా మెట్లవైపు చూస్తూ నిలబడింది. ఆ నిశ్శబ్దం నా వల్ల కాలేదు.

"పాపకి కింద పన్ను వస్తున్నట్టుందండీ. పన్నో, చిన్న పొక్కో తెలియడం లేదు."

"ఏదీ, చూడనీ," అని గుమ్మం బయటి నుంచే మెడ చాచింది.

"లోపలికి రండి."

"రాను బాబూ. పేపరు పని మీదొచ్చి గుమ్మం దాటకూడదు. దాటితే చుట్టరికం, దాటకపోతే పేపరు."

తర్వాతి బుధవారం సందు కబుర్లలో ఇలా ఉంది: 'చివరి మేడ మీద పాపకు కింది పన్ను వస్తున్నదని తండ్రి అనుమానం. నిర్ధారణ కావలసి ఉంది.' ఆ పై వారం: 'పన్ను నిర్ధారణ అయింది.' నా భార్య ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. నేను కిందికి దిగితే, మేడ కింద కొట్లో మిషను తొక్కుతున్న దర్జీ తల ఎత్తి, "ఏం సారూ, పన్ను రుజువైందటగా!" అన్నాడు. అంతకు ముందు ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆవిణ్ణి సందంతా 'బుధవారం అత్తయ్య' అనేది. పేపరు వేసే మనిషనుకున్నాను. ఆ పత్రికకు యజమాని ఆవిడేనని చాలా రోజులకు తెలిసింది.

"యజమాని అయ్యుండి మీరే మోసుకు తిరగడమేంటి అత్తయ్యా?" అనడిగాను.

"యజమానిని కాబట్టే తిరగాలి," అంది. పాప నిద్రపోతున్న రోజుల్లో గుమ్మం అవతలే నిలబడి కొంచెం కొంచెంగా ఆ కథంతా చెప్పింది.

పత్రిక మొదలుపెట్టినది ప్రెస్సు తాత. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఆయనది. పని లేని రోజుల్లో యంత్రం తుప్పు పడుతుందని ఒక కాగితం మీద పేట వార్తలు వేయడం మొదలెట్టాడు. వార్తలన్నీ కుర్చీలో కూర్చునే రాసేవాడు. ఒకసారి 'దర్జీ సందులో చెత్త కొండలా పేరుకుంది' అని రాశాడు. పేరుకున్నది పక్క సందులో. దర్జీ సందు ఆడవాళ్లు చీపుళ్లతో సహా ప్రెస్సుకు వచ్చి, "లే, వచ్చి చూపించు ఆ కొండ ఎక్కడుందో! ఎక్కి దిగి పోదువుగానీ!" అని ఆయన్ని కుర్చీలోంచి లేపి సందంతా తిప్పారు. ఆ సాయంత్రమే ఒక నియమం పెట్టుకున్నాడు. మిగతా వీధులకు ఎవరు వేసినా సరే, దర్జీ సందుకు మాత్రం యజమాని తన చేత్తో పేపరు ఇవ్వాలి. విసిరి పోకూడదు. తలుపు కొట్టి, ఏమైనా విశేషమా అని అడగాలి. రాసినవాడు తిట్లకు అందేంత దూరంలో ఉండాలన్నది ఆయన లెక్క. ఒకరింట్లో టీ తాగొచ్చి వాళ్ల మురుగు కాల్వ సంగతి రాయలేకపోయాక, గుమ్మం దాటకూడదన్న రెండో నియమం పెట్టాడు.

ప్రెస్సు తాతకు చూపు మందగించాక పత్రిక ఆయన బావమరిది చేతికి వచ్చింది. ఆయనకు రంగుల కొట్టు. తన డబ్బాల ప్రకటనలు ఊరికే వేసుకోవచ్చని తీసుకున్నాడు. కానీ నియమం ప్రకారం సందులో తిరగవలసి వచ్చింది. గోడ రంగు వెలిసిందన్న మాట లేకుండా ఆయన వార్త పూర్తయ్యేది కాదట. 'ఎదురింటి పెద్దాయన మెట్టు మీద నుంచి జారిపడ్డారు. ఆ మెట్టుకు రంగు వేసి చాలాకాలమైంది.' జనం నవ్వుకున్నారు, కానీ మెట్లకు రంగులూ వేయించుకున్నారు. ఆయన కొట్టు మూసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాక పత్రికను రిటైరైన హెడ్మాస్టారు తీసుకున్నారు. ఆయన తలుపు కొట్టి, విశేషం చెప్పిన వాళ్ల మాటలోని తప్పులు దిద్దేవారు. బుధవారం రాగానే సందులో టీవీలు ఆగిపోయేవి, ఇంట్లో ఎవరూ లేరనుకుంటారని. కొన్నాళ్లకు ఆయనే విసిగి, పత్రికను కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి ఒకాయన చేతిలో పెట్టారు.

ఆ మీటరు సారు బుధవారం అత్తయ్య భర్త.

"మా ఆయనకి సందులో ప్రతి గడపా తెలుసు. 'ఏం లేదు అని మొదటిసారి అనగానే కదలకే' అనేవారు. 'మీటరు చూస్తున్నంతసేపూ ఎవరూ నోరు విప్పరు. పుస్తకం మూసి, ఇంకో నిమిషం నిలబడితే అప్పుడు చెప్తారు. రెండో మాటే వార్త' అనేవారు. నేను ఇంట్లో కూర్చుని పేపర్లు మడతలు పెట్టేదాన్ని అంతే. నాకు జనం ముందు నోరు పెగిలేది కాదు."

"మరి మీరెప్పుడు మొదలెట్టారు?"

"ఆయన రావడం మానేశాక," అని సంచీ సర్దుకుని మెట్లు దిగింది.

ఆ దిగడంలోనే కష్టం కనబడింది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, గోడ పట్టుకుని దిగుతోంది. మా మేడకు లిఫ్టు లేదు. సందులో ఏ మేడకూ లేదు.

ఆ వానాకాలంలో ఆవిడ తన తర్వాత పత్రికను ఎవరికివ్వాలా అని వెతకడం మొదలెట్టింది. కొనేవాళ్లు దొరకరనుకోలేదు. బుధవారం నాడు తలుపు కొట్టేవాళ్లు కావాలి, అదీ ఆవిడ దిగులు. ఇంకేమీ అడగలేదు. ముందు దర్జీనే అడిగింది.

"వదినా, నేను మిషను మీంచి లేస్తే సందులో సగం మందికి గుండీలుండవు. అది వార్తవుతుంది, రాసేవాడుండడు," అన్నాడాయన.

మందుల షాపాయన, "నేను తలుపు కొట్టి ఏమైనా విశేషమా అంటే, ఎవరికి జబ్బు చేసిందో కనుక్కోడానికొచ్చాడంటారమ్మా," అన్నాడు. ట్యూషన్ మాస్టారు మాత్రం ఒప్పుకున్నారు, ప్రతి ఇంటికీ తాను వెళ్లకుండా అందరూ ట్యూషను దగ్గరికే వచ్చి విశేషాలు చెప్పి వెళ్లాలన్న షరతు మీద.

"బాగుంది, హాజరు కూడా తీసుకుంటారేమో," అంది అత్తయ్య నాతో. నవ్వుతూనే అంది. ఆ తర్వాత, "నిన్ను అడగను లే బాబూ. నీ చేతులు ఖాళీగా లేవు," అంది. నా చేతుల్లో పాప ఉంది. పాప చేతుల్లో ఆవిడ పేపరు ఉంది, సగం నమిలింది.

చివరికి ఒక కంపెనీ వచ్చింది. ఇలాంటి పేట పత్రికలు చాలా నడుపుతున్న కంపెనీ. అత్తయ్య ఆ మేనేజరును వెంటబెట్టుకుని సందు చూపించడానికి తీసుకొచ్చింది. మా మెట్ల మీద ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వాళ్ల మాటలు నా తలుపుదాకా వినబడ్డాయి.

"పేరు మార్చం, సైజు మార్చం. మీరేం బెంగ పెట్టుకోకండి మేడమ్."

"ఈ సందుకి యజమానే పేపరు వెయ్యాలి నాయనా. అది పోకూడదు."

"తప్పకుండా. కంపెనీ తరఫున ఏర్పాటు చేస్తాం."

"కంపెనీకి కాళ్లెక్కడివి?"

మేనేజరు నవ్వాడు. కుర్రవాడు, మర్యాదస్థుడు. "నావే అనుకోండి మేడమ్. నేనే వస్తాను."

"మాట?"

"మాట."

అతను మాట తప్పలేదు. ఆ సంగతి చెప్పి తీరాలి. కొత్త యాజమాన్యం మొదటి బుధవారం అతనే స్వయంగా వచ్చాడు. బెల్లు కొట్టాడు. చేతికి పేపరు ఇచ్చాడు.

"సార్, మీ ఇంట్లో ఏమైనా విశేషమా?"

"ఏం లేదండీ," అన్నాను. వారమంతా కూడబెట్టిన మాట నోటిదాకా వచ్చింది. పాప పాకడం మొదలెట్టింది, మెట్ల దగ్గర అడ్డం పెట్టడానికి ఏం కొనాలో తెలియడం లేదు, నేను స్నానానికి వెళ్లాలన్నా భయంగా ఉంది.

"థాంక్యూ సార్," అన్నాడు. నేను రెండో మాటకు నోరు తెరిచేసరికి అతని బూట్లు కింది అంతస్తులో చప్పుడు చేస్తున్నాయి.

సందు చివర అత్తయ్య ఎదురుచూస్తోందట. "అయిపోయిందా అప్పుడే?" అనడిగిందట. "చాలా చిన్న సందు మేడమ్. మీకెందుకు పూటంతా పట్టేదో నాకర్థం కాలేదు," అన్నాడట అతను. వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడని దర్జీ చెప్పాడు.

తర్వాతి వారం మూడో పేజీలో ఒకే వాక్యం ఉంది. 'దర్జీ సందులో ఈ వారం విశేషాలేమీ లేవు.' అదే వారం దర్జీకి కంట్లో శుక్లం ముదిరిందని డాక్టరు చెప్పాడు. ఎదురింట్లో అన్నదమ్ములు వంటిల్లు వేరు చేసుకున్నారు. మా పాప పాకింది. మొదటి రెండూ నాకు తర్వాత ఒక్కొక్కటిగా, ఎవరో ఒకరు చెబితే తెలిశాయి.

ఇంకొన్ని వారాలు అదే వాక్యం వచ్చింది. విశేషాల్లేని సందుకు మేనేజరెందుకని అతన్ని వేరే పేటకు మార్చారు. సందు కబుర్లు ఉండే చోట పరుపుల ప్రకటన వచ్చింది. పేపరును ఎవరో కింది నుంచే విసిరి పోవడం మొదలెట్టారు. మెట్ల మీద పడి తడిసేది. ఒకటి తీసి ఆరబెడుతూ చివరి పేజీ అడుగున ఆ సన్నటి వరుస చదివాను. అత్తయ్య పేరుండవలసిన చోట కంపెనీ పేరుంది. ఆవిడ పేరు ఏమిటో తెలుసుకోవాలని పాత పేపర్లు వెతికాను. ఇంట్లో ఒక్కటీ లేదు. ఫ్రిజ్‌కు అంటించిన పన్ను ముక్క వెనక సబ్బు ప్రకటన ఉంది.

బుధవారాలు వచ్చి పోయేవి. తలుపు ఎవరూ కొట్టేవారు కాదు. పాపతో మాట్లాడీ మాట్లాడీ సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినబడేది. ఒకరోజు దర్జీ దగ్గర చొక్కా కుట్టించుకునే నెపంతో కూర్చుని, "అత్తయ్య రావట్లేదేం బాబాయ్?" అనడిగాను.

"ఏ మొహంతో వస్తుంది? చేతిలో పేపరు లేకుండా తలుపు కొడితే అది చుట్టరికమేగా. పిలవని చుట్టం," అన్నాడు దారం కత్తిరిస్తూ. నేను కదలకపోయేసరికి, ఇంకో మాట అన్నాడు.

"మీటరు సారు పోయిన సంగతి నాకు ఎంత ఆలస్యంగా తెలిసిందో తెలుసా?"

"ఇదే పేటలో ఉండి?"

"ఇదే పేటలో ఉండి. ఆ బుధవారం పేపరు మామూలుగానే వచ్చింది సారూ. పిల్లి తప్పిపోయిందని ఉంది, పంపు బాగు చేశారని ఉంది. ఆయన పోయినట్టు లేదు. ఎలా ఉంటుంది? వార్త తలుపు కొట్టి అడిగితేగా వచ్చేది. యజమాని ఇంటి తలుపు కొట్టేదెవరు? ప్రెస్సు తాత పోయినా రాలేదు. రంగుల కొట్టాయన వెళ్లిపోయినా రాలేదు. ఈవిడ పేపర్లు పట్టుకుని మొదటిసారి వచ్చినప్పుడు సందంతా, 'సారు రాలేదేం, ఒంట్లో బాలేదా?' అనే అడిగాం. పోయారనుకోలేదు. పోతే పేపర్లో వచ్చేదిగా!"

"ఆవిడేమంది?"

"ఏమంటుంది. చేతిలో పేపరుంది, ఎదురుగా మనిషి నవ్వుతున్నాడు. 'ఉన్నారు' అంది. నాతోనూ అదే అంది. ఇంకెవరి ద్వారానో తెలిసి, ఒకరికొకరం చెప్పుకున్నాం. కానీ ఆవిడతో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మేం ఎత్తలేదు, తను చెప్పలేదు. అలా ఉండిపోయింది."

మిషను మళ్లీ తొక్కడం మొదలెట్టాడు. కొలతలు తీసుకోవడం మర్చిపోయాడు. నేనూ గుర్తు చేయలేదు.

మరుసటి బుధవారం పాపను ఛాతీకి కట్టే సంచీలో వేసుకుని, టోపీ పెట్టి, టోపీ వల్ల ఉక్కపోస్తుందేమోనని తీసి, మళ్లీ పెట్టి బయల్దేరాను. అత్తయ్య ఉండేది పాత ప్రెస్సు పైన. కింద ఇప్పుడు సైకిళ్ల కొట్టు. పక్క నుంచి ఇరుకు మెట్లు. మెట్ల మలుపులో గోడకు చేతులు ఆనించి ఆనించి నున్నబడిన చార ఉంది. బెల్లు ఉంది. తలుపే కొట్టాను.

చాలాసేపటికి తెరుచుకుంది. నన్ను చూసి ముందు పాపవైపు చేయి చాచింది. "ఏమైంది? పిల్లకి బాలేదా?"

"బాగానే ఉంది. ఇవాళ బుధవారం కదా. మీ ఇంట్లో ఏమైనా విశేషమా అత్తయ్యా?"

ఆవిడ నన్ను చూసింది. నా చేతుల వైపు చూసింది, పేపరేమైనా ఉందా అన్నట్టు. నవ్వొచ్చి ఆగిపోయింది.

"నాకేముంటాయి బాబూ. ఏం లేదు."

నేను కదల్లేదు. పాప బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను. మెట్లవైపు చూశాను. కింద ఎవరో సైకిలు చక్రం తిప్పి చూస్తున్నారు. అది తిరిగి తిరిగి ఆగింది. నాకు భయంగానే ఉంది. ఆవిడకు కోపం వస్తుందేమో, తలుపు వేసుకుంటుందేమో. అయినా ఆవిడ నేర్పిన పనే కదా చేస్తున్నాను.

"లోపలి గదిలో బల్బు పోయింది," అంది చివరికి. "పోయి చాలా కాలమైంది. ఆయనైతే క్షణంలో మార్చేవారు. నాకు స్టూలెక్కాలంటే భయం."

"బల్బు ఉందా?"

"ఉంది. కొత్తదే. అలమరలో." తలుపు పట్టుకుని ఒక నిమిషం ఆలోచించింది. తర్వాత పక్కకు జరిగింది. "రా. ఇప్పుడింక పేపరెక్కడుంది గనక. లోపలికి రా."

మొదటి గదిలో మంచం, గోడవారగా మడతలు పెట్టే పొడుగు బల్ల. బల్ల మీద ఏమీ లేదు, తుడిచిన గుర్తులు మాత్రం ఉన్నాయి. లోపలి గదిలో పట్టపగలే చీకటి. పాపను ఆవిడ చేతుల్లో పెట్టాను. స్టూలు ఊగుతుందేమోనని ఒకటికి రెండుసార్లు కదిపి చూసి ఎక్కాను. పాత బల్బు మీద దుమ్ము మెత్తగా పేరుకుంది. దాన్ని తిప్పి తీస్తుంటే కింద నుంచి ఆవిడ గొంతు వినబడింది. నాతో కాదు. పాపతో.

"చూశావా, మీ నాన్న ఎక్కడికెక్కాడో? ఈ గది మా ఆయనది, అంటే నీకు తాతగారిది. రాత్రిళ్లు ఇక్కడే కూర్చుని రాసుకునేవారు. తాతగారు లేరమ్మా." కొంచెం ఆగింది. "తాతగారు పోయారు."

పాప ఏదో అంది. దాని భాషలో అది ఏమైనా కావచ్చు.

నేను కొత్త బల్బు బిగించాను. స్విచ్ ఎటువైపుందో నాకు తెలియదు. అడగవచ్చు. అడగలేదు. ఆవిడ ఇంకా చెబుతోంది. స్టూలు మీద, ఆ చీకట్లో, అలాగే నిలబడ్డాను.